కారణం అక్కర్లేని వాపసు

పొద్దున్నే వాపసు పొట్లం వచ్చిందంటే ఇక ఆ రోజంతా పోలియాంగ్ ముఖం చూడలేం. అక్టోబరు మొదటి వారంలో ఆ రోజూ అలాగే అయింది. ఆయన పెరట్లో పొట్టి పీట మీద కూర్చుని వెదురు బద్దలు చీలుస్తున్నాడు. భార్య లియెన్‌ఫెన్ టోఫు బన్నులు ఆవిరి మీంచి దించి బల్ల మీద పెట్టింది. ఎనిమిదేళ్ళ మనవరాలు దోదో ఒక కాలికి మేజోడు తొడుక్కుని రెండోదాని కోసం కుర్చీల కింద దూరింది. అంతలో గేటు ముందు కొరియర్ బండి ఆగింది.

"ఒకటి వెనక్కొచ్చిందక్కా!" అని వీధంతా వినపడేలా అరిచి, కొరియరాయన పొట్లం గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పోలియాంగ్ కత్తి పక్కన పెట్టి వచ్చి పొట్లం విప్పాడు. తను అల్లిన ఆవిరి బుట్టే, గిన్నె మీద పెట్టి బన్నులు ఉడికించుకునేది. రెండు అరలు, పైన మూత, మూత లోపలివైపు కాల్చి వేసిన తమ చియు వంశం ముద్ర. అల్లిక వేళ్ళతో తడిమి చూశాడు. అడుగు తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. ఎక్కడా లోపం లేదు. ఏదో ఒక లోపం దొరికి ఉంటే ఆయనకి అంత బాధ ఉండేది కాదు.

"ఎందుకు తిప్పి పంపారట?"

కూతురు యాన్‌లీ ఫోన్లోంచి తలెత్తలేదు. "ఏడు రోజుల్లోపు, కారణం అక్కర్లేని వాపసు నాన్నా."

"కారణం లేకుండా ఎవరైనా వస్తువు తిప్పి పంపుతారా?"

"పంపుతారు. అది రూలు."

"ఏ బుద్ధిలేనివాడు పెట్టాడా రూలు?"

"నాన్నా, నవంబరు పదకొండు తగ్గింపు అమ్మకాలకి ఇంకో నెలే ఉంది. ఏడాది మొత్తానికి అదే పెద్ద బేరం. రేటింగ్ ఇంకొంచెం దిగిందంటే మనల్ని అందులోకి రానివ్వరు. ట్రాఫిక్ లేదు, కన్వర్షన్ పడిపోయింది, రిటర్న్ రేటు చూస్తే గుండె ఆగిపోతోంది. నన్ను కాస్త పని చేసుకోనీ. నువ్వు అల్లు, చాలు."

నువ్వు అల్లు, చాలు. ఆ మాట ఆ ఇంట్లో రోజుకి మూడుసార్లు వినపడేది. యాన్‌లీ చెడ్డ మనిషేం కాదు. కానీ తెలిసిన నాలుగు ముక్కల్ని తలుపుకి గడియలా వేసుకుని, లోపల ఒక్కత్తే కూర్చునే అలవాటు ఆమెకి ఉండేది. ఆ మాటలకి అర్థం అడిగితే విసుగు, అడక్కపోతే "నా బాధ ఎవరికీ పట్టదు" అని నిష్ఠూరం. ముసలాయన ఎటు తిరిగినా తప్పే.

యాన్‌లీకి ముప్ఫై అయిదేళ్ళు. దోదో ఏడాది పిల్లగా ఉన్నప్పుడే విడాకులయ్యాయి. పిల్లని తల్లి చేతిలో పెట్టి హాంగ్‌జౌ నగరం వెళ్ళి, ఒక బట్టల కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలో నాలుగేళ్ళు పనిచేసింది. మూడేళ్ళ కిందట, చలికాలం చివర్లో, ఒక సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేసింది. కంపెనీ మూతపడిందని చెప్పింది. సరిగ్గా అప్పటికి పది రోజుల ముందే పోలియాంగ్ కుడిచెయ్యి పట్టు తప్పి, చాప్‌స్టిక్కులు కూడా పట్టుకోలేని స్థితిలో ఉన్నాడు. రెండు నెలలకి చెయ్యి దారికొచ్చింది. ఆ తర్వాత యాన్‌లీ తండ్రి బుట్టల కోసం ఈ దుకాణం తెరిచింది. ఈ నవంబరు గట్టెక్కకపోతే దుకాణం ఎత్తేసి మళ్ళీ హాంగ్‌జౌ వెళ్తానని పోయిన నెలలోనే చెప్పేసింది. ఆమె వెళ్తే దోదో మళ్ళీ అమ్మమ్మ దగ్గరే. మా ఊళ్ళో సగం ఇళ్ళు ఇలాగే నడుస్తాయి కాబట్టి ఎవరూ వింతగా చూడరు. దోదోని మాత్రం ఎవరూ అడగలేదు.

పోలియాంగ్ ఊరికే కూర్చునే మనిషి కాదు. పట్టణ సాంస్కృతిక కేంద్రంలో పెద్దవాళ్ళ కోసం మూడు మధ్యాహ్నాలు ఉచిత తరగతి పెట్టారు, ఆన్‌లైన్ వ్యాపారంలో మొదట తెలియాల్సిన మాటలు నేర్పుతామని. ఇంట్లో చెప్పకుండా వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు. కూతురి కంటే చాలా చిన్నదైన ఒక టీచరమ్మ నవ్వుతూ పాఠం చెప్పింది. రెండో రోజు తిరిగొచ్చాక వంటింట్లో పెళ్ళానికి ఆయన చెప్పిన పాఠం ఇదీ.

"ట్రాఫిక్ అంటే ఏమిటో తెలుసా నీకు? సంతలో మన ముందునుంచి నడిచిపోయే జనం. కన్వర్షన్ అంటే ఆ జనంలో ఆగి, పట్టుకుని చూసి, కొనుక్కెళ్ళేవాళ్ళు."

"ఓస్, ఇంతేనా! దీనికా అమ్మాయి అంత మొహం మాడ్చుకునేది?" అంది లియెన్‌ఫెన్ ముల్లంగి తరుగుతూ.

"ఆఫ్టర్ సేల్స్ అని ఇంకోటుంది. అమ్మేశాక కూడా కొన్నవాళ్ళని వదిలెయ్యకుండా మంచీ చెడ్డా కనుక్కోవడం."

"అది మీ నాన్న ఎప్పుడో చేశాడుగా."

"అదే కదా! ఇంకో సంగతి. కొన్నవాళ్ళని ఏమని పిలవాలో తెలుసా? బంగారం అని. ఆడా మగా, చిన్నా పెద్దా, అందర్నీ బంగారమే. ఆన్‌లైన్ దుకాణాల్లో అదే మర్యాదట."

"పెళ్ళయి నలభై రెండేళ్ళు. నన్నొక్కసారి అలా పిలిచిన పాపాన పోయావా ముసలాయనా?"

"నువ్వు నా దగ్గర ఏం కొన్నావు గనక?" అన్నాడు. లియెన్‌ఫెన్ ముల్లంగి ముక్క ఒకటి తీసి ఆయన మీదకి విసిరింది.

ఆ ఇంట్లో ఆ నెలలో నవ్వులు వినపడింది ఆ ఒక్క సాయంత్రమే. మూడో మధ్యాహ్నం, మంచి వెదురు వచ్చిందని కబురొస్తే, పోలియాంగ్ తరగతి ఎగ్గొట్టి కొండమీదికి వెళ్ళాడు. ఆ రోజు టీచరమ్మ చెప్పింది వాపసుల గురించి.

వినని ఆ పాఠాన్ని ఆయన సొంతంగా పూరించుకున్నాడు. ఆయన చిన్నతనంలో తండ్రితో కలిసి ఊరూరా తిరిగి బుట్టలు అల్లేవాడు. చియు వాళ్ళు పొయ్యి చూడకుండా బుట్ట కట్టరని పేరు. ఇల్లాలి వంటింట్లో కూర్చుని, ఆమె కళాయి మీద పెట్టి చూసి, అప్పుడు మూత అల్లేవాళ్ళు. ఎవరైనా బాగోలేదంటే మళ్ళీ ఆ ఇంటికెళ్ళి, ఆ పొయ్యి ముందే కూర్చుని సరిచేసేవాళ్ళు. వస్తువు వెనక్కొచ్చాక ఊరుకోవడం అంటే తప్పు ఒప్పుకున్నట్టే. అలా పెరిగిన మనిషికి ఆ పొట్లం మీద చేతిరాతతో ఫోన్ నంబరు, సూజౌ నగరం అడ్రసు కనిపించాయి. ఆఫ్టర్ సేల్స్ అంటే ఇదే కదా అనుకున్నాడు.

మొదటిసారి ఆ బుట్ట కొన్నావిడ ఫోనెత్తి, "వద్దండీ, వాపసు తీసేసుకోండి చాలు," అని పెట్టేసింది. పోలియాంగ్ మళ్ళీ చేశాడు. రెండు రోజుల్లో తొమ్మిదిసార్లు చేశాడు. ఆవిడ ఎత్తడం మానేసింది. మూడో రోజు కొత్త వెదురు చూసొస్తానని ఇంట్లో చెప్పి, బుట్ట సంచిలో పెట్టుకుని, సూజౌ రైలెక్కాడు.

ఆరో అంతస్తులో తలుపు తట్టాడు. లోపలినుంచి ఒక ఆడగొంతు, "ఎవరు?" అంది.

"బంగారం, నేనేనమ్మా! మీ బుట్ట పట్టుకొచ్చాను!"

లోపలినుంచి ఇంకో గొళ్ళెం వేసిన చప్పుడైంది.

"తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది నువ్వేనా? మా ఇంటికెలా వచ్చావు?"

"పొట్లం మీద మీరే రాశారు కదా బంగారం. ఒక్కసారి మీ పొయ్యి చూపిస్తే చాలు, వెళ్ళిపోతాను."

"వెళ్ళకపోతే పోలీసుల్ని పిలుస్తా!"

"లోపమేమిటో చెప్పండమ్మా. యాభై ఏళ్ళుగా అల్లుతున్నాను. లోపం తెలియకపోతే నాకు తిండి సయించదు."

"ఏ లోపమూ లేదు! మీరు రాసిన సైజు చూసి కొన్నా, బుట్ట గిన్నె మీద కూర్చోకుండా జారి లోపల పడింది! అంతే! దయచేసి వెళ్ళిపోండి!" ఆవిడ గొంతు వణుకుతోంది. ఒంటరిగా ఉండే మనిషి. ఆ వణుకు పోలియాంగ్‌కి వినపడింది. తను ఎవర్నైనా భయపెట్టగలనని అప్పటిదాకా ఆయనకి తట్టలేదు. బుట్ట రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కాపలావాళ్ళు ఇద్దరు వచ్చి, "పద తాతా" అంటూ మోచెయ్యి పట్టుకుని మెట్లు దించారు.

మధ్యాహ్నం రెండింటికి యాన్‌లీ ఫోనుకి తమ దుకాణం నడిచే ఆన్‌లైన్ వేదిక నుంచి నోటీసు వచ్చింది. కొనుగోలుదారు వివరాలు వాడుకుని వేధించినందుకు ముప్ఫై రోజులపాటు దుకాణం ఎవరికీ కనపడదు. నవంబరు అమ్మకాల్లో చోటు రద్దు. ఏదో పొరపాటు జరిగిందనుకుని నోటీసు చివరిదాకా చూసింది. ఫిర్యాదుతో పాటు ఆవిడ తలుపు కెమెరా తీసిన ఫోటో ఉంది. అందులో ఎవరిదో మెట్ల దగ్గర, పెళ్ళిళ్ళకి వేసుకునే కోటు తొడుక్కుని, బుట్ట రెండు చేతులతో ముందుకు చాచి, నవ్వుతూ నిలబడిన తన తండ్రి.

పోలియాంగ్ ఇంటికి చేరేసరికి అయిదయింది. యాన్‌లీ గుమ్మంలోనే ఉంది. లియెన్‌ఫెన్ దోదోని ఆడుకోమని పెరట్లోకి పంపింది.

"వెదురు బాగుందా నాన్నా?"

"అమ్మాయ్, ముందు నేను చెప్పేది..."

"సూజౌలో వెదురెలా ఉంది అని అడుగుతున్నా!" అంటూ ఫోను ఆయన మొహం ముందు పెట్టింది. "ఏమిటిది? ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?"

"ఆఫ్టర్ సేల్స్ కదా, కనుక్కుందామని..."

"ఆ మాట నీకెక్కడిది?"

"తరగతికెళ్ళాను. రెండు రోజులు."

"రెండు రోజులు!" యాన్‌లీ నవ్వింది. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది. "రెండు రోజుల చదువుతో మూడేళ్ళ దుకాణం ముంచేశావు. నువ్వు అల్లు చాలు అన్నాను. ఆ ఒక్కటీ చెయ్యలేకపోయావా?"

"నువ్వు చెప్పి ఉంటే నేను తరగతికి ఎందుకెళ్తానే? అడిగినప్పుడల్లా నీకు అర్థం కాదంటావు. నా బుట్టే కదా వెనక్కొచ్చింది, నాకు కాకపోతే ఎవరికి అర్థమవ్వాలి?" మొదటిసారి ఆయన గొంతు లేచింది. "ఆవిడ కారణం చెప్పింది. నువ్వు పేజీలో పెట్టింది మూత కొలత! మన మూత బుట్ట మీదుగా కిందికి దిగుతుంది, రెండు వేళ్ళు పెద్దది. అది చూసి కొన్నవాళ్ళ గిన్నెల్లో బుట్ట జారిపోదూ?"

"ఇప్పుడు తప్పు నాదా?"

"తప్పు ఎవరిదని కాదు..."

"నవంబరు పోయింది నాన్నా! అయిపోయింది. వచ్చే వారం నేను హాంగ్‌జౌ వెళ్తున్నాను. పాత మేనేజరుకి ఫోన్ చేస్తాను."

"మరి పిల్ల?" అంది లియెన్‌ఫెన్ గోడకి ఆనుకుని.

"నీ దగ్గరే. అప్పటిలాగే. ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

పెరటి తలుపు దగ్గర దోదో నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. ఏడవలేదు. నెమ్మదిగా వచ్చి తల్లి చొక్కా అంచు పట్టుకుంది.

"అమ్మా, ఈసారి నిన్ను మర్చిపోనులే. రోజూ ఫోన్లో చూస్తా. అప్పుడంటే చిన్నదాన్ని కదా."

యాన్‌లీ పిల్ల వేళ్ళు మెల్లగా విడిపించుకుంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు. లియెన్‌ఫెన్ మాత్రం ఒక మాట అంది, ఎవరితోనో కాదు, గిన్నెలతో. "పిల్ల ఓదారుస్తోంది తల్లిని. ఇలాంటి రోజు కూడా చూడాల్సొచ్చింది."

మర్నాడు ఆదివారం. తెల్లవారాక పోలియాంగ్ పెరట్లోకి వచ్చేసరికి యాన్‌లీ అప్పటికే అక్కడ ఉంది. వెనక్కొచ్చిన బుట్టలన్నీ వరసగా పేర్చి, కొలతటేపుతో కొలుస్తోంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"పదకొండింట్లో ఎనిమిది ఇదే సైజు నాన్నా," అంది తలెత్తకుండా. "నువ్వన్నది నిజం. నేను మూత కొలిచి పెట్టాను. రిటర్న్ రేటు ఎందుకు పెరిగిందని ఆరు నెలలుగా అంకెలు చూస్తూ కూర్చున్నా. ఒక్కసారి బుట్ట గిన్నె మీద పెట్టి చూడలేదు."

ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. "ఆ మాటకి అర్థమేమిటో ఇప్పుడైనా చెప్పు. కారణం అక్కర్లేని వాపసు."

"కారణం ఉండదని కాదు. చెప్పి తీరాలని మనం పట్టుబట్టకూడదు. వాళ్ళకి ఇష్టమైతే చెప్తారు, లేకపోతే ఊరుకోవాలి."

"ఊరుకోవడం కష్టమే."

"తెలుసు." యాన్‌లీ టేపు చుట్టింది. "ఆవిడకి క్షమించమని రాశాను. చాలా భయపడ్డానని ఒక్క ముక్క జవాబిచ్చింది. ఫిర్యాదు వెనక్కి తీసుకోదు నాన్నా. తీసుకోమని నేను అడగను కూడా."

"అడక్కు. తలుపవతల నిలబడ్డవాణ్ణి నేను. ఆమె గొంతు విన్నాను."

కాసేపు వెదురు చీల్చాడు. చెయ్యి సరిగ్గా సాగక బద్ద మధ్యలో విరిగింది. ఆయన చేతిలో బద్ద విరగడం యాన్‌లీ ఎప్పుడూ చూడలేదు.

"నాన్నా, ఎందుకు వెళ్ళావు అంత దూరం? ఒక్క బుట్ట కోసం?"

పోలియాంగ్ విరిగిన బద్ద వంకే చూస్తూ చెప్పాడు. "బుట్ట కోసం కాదు. నా చెయ్యి పడిపోయినప్పుడు నువ్వు ఉద్యోగం వదులుకుని వచ్చేశావు. కంపెనీ మూశారని నువ్వంటే ఊళ్ళోవాళ్ళు నమ్మారేమో, నేను నమ్మలేదు. తండ్రి కోసం వచ్చానని చెప్తే నేను సిగ్గుపడతానని దాచావు. ఆ తర్వాత నా బుట్టలు అమ్మడానికే ఈ దుకాణం. ఒక్కో బుట్ట వెనక్కొచ్చినప్పుడల్లా, నా కూతురి బతుకు నేను తినేశాను, దానికి తగ్గ వస్తువు కూడా అల్లలేకపోతున్నాను అనిపించేది. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. చేసి ఇంకా ముంచాను."

యాన్‌లీ ఆయన వంక వింతగా చూసింది.

"మూడేళ్ళుగా ఇదా నువ్వు అనుకుంటున్నది? మరి ఒక్కసారీ ఎందుకొచ్చావని అడగలేదేం?"

"అడిగితే నీ కోసమే అంటావేమోనని."

"నీ చెయ్యి సంగతి నాకు ఇంటికొచ్చేదాకా తెలియనే తెలియదు నాన్నా. అమ్మ ఫోన్లో దాచింది."

"ఏమిటీ?"

"కంపెనీ మూతపడలేదు, అది అబద్ధమే. కానీ నీ కోసం కాదు." యాన్‌లీ గొంతు తగ్గించింది. లోపల అమ్మ పళ్ళేలు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. "ఆ ఏడు కొత్త సంవత్సరానికి వచ్చాను చూడు, అయిదు రోజులున్నాను. ఆఖరి రోజు దోదోకి జడ వెయ్యబోతే అమ్మ వెనక దాక్కుంది. 'ఆంటీ వద్దు, అమ్మ వెయ్యాలి' అంది. అమ్మ అంటే నేను కాదు. పెంచింది తను కదా, దాని తప్పేముంది? బస్సులో హాంగ్‌జౌ దాకా ఆ మాటే చెవుల్లో. నెల రోజులు ఆగాను. ఇక నా వల్ల కాలేదు. కారణం చెప్తే అమ్మ కుమిలిపోతుందని కంపెనీ మూశారన్నాను. నేను నా పిల్ల కోసం వచ్చాను. నీ కోసం రాలేదు నాన్నా."

ఇంకో తండ్రి అయితే ఆ మాటకి నొచ్చుకునేవాడు. పోలియాంగ్ కత్తి కింద పెట్టాడు.

"నా కోసం కాదా?"

"కాదు."

"నిజంగా? నా మొహం చూసి చెప్పు."

"నిజంగా కాదు నాన్నా. నీ చెయ్యి బాగానే ఉండి ఉన్నా వచ్చేదాన్ని."

ముసలివాళ్ళు ఏడిస్తే చూడలేం, ఎందుకంటే వాళ్ళకి ఎలా ఏడవాలో గుర్తుండదు. వెదురు పొట్టు అంటిన అరచేతులతో మొహం కప్పుకుని, భుజాలు కదిలేలా ఏడ్చాడు. అది దుఃఖం కాదని యాన్‌లీకి కాసేపటికి గానీ అర్థం కాలేదు. వంటింటి గుమ్మంలోకి లియెన్‌ఫెన్ వచ్చి నిలబడింది, ఏం జరిగిందో తెలియక తువ్వాలు చేత్తో నలుపుతూ.

"అయితే వెళ్ళకమ్మా," అన్నాడు ఆయన చేతుల మధ్యనుంచే. "ఈ మాట అనడానికి ఇన్నాళ్ళూ నాకు హక్కు లేదనుకున్నాను. నా కోసం వచ్చినదాన్ని ఉండమని ఏ మొహం పెట్టుకుని అడగను? ఇప్పుడు అడుగుతున్నా. దుకాణం కనపడకపోతే కనపడకపోనీ. వెళ్ళకు."

యాన్‌లీ ఆయన చేతులు మొహం మీంచి తీసి, బుగ్గలకంటిన వెదురు పొట్టు తన చొక్కా చేతితో తుడిచింది.

"రాత్రి మేనేజరుకి వస్తానని మెసేజ్ పెట్టాను, రానని పొద్దున్నే చెప్పేశాను నాన్నా. దుకాణం మళ్ళీ కనపడేదాకా మన ఊళ్ళో బన్నుల ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టు అడుగుతాను," అంది. ఇక ఆపుకోలేక, మూడేళ్ళ కిందట సూట్‌కేసుతో వచ్చిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా, తండ్రి భుజం మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది.